రమ్ దీవి వేటసీమ

స్కాట్లండు పశ్చిమతీరమున మాలెయిగ్ రేవులో ఓడ యెక్కి, అట్లాంటిక్ మహాసముద్రపు చలిగాలి కెదురుగా, ఈగ్, మక్, కానా యను చిన్నదీవుల సమీపమునకు సాగిపోవు ప్రయాణికునకు, వానకు తడిసి నల్లబడిన శిఖరములతో, చెట్టు నీడ కానరాని విశాలమైన వాలులతో, తోడి దీవులన్నిటికంటెను పెద్దదియు గంభీరమైనదియు నగు ఒక దీవి గోచరించును. దాని పేరు రమ్. దాని విస్తీర్ణము ఇంచుమించు 10,500 హెక్టేర్లు. అందలి శిఖరములలో నెల్ల నున్నతమైన ఆస్కివల్ 812 మీటర్ల యెత్తు గలది. మానవహస్తము సోకని ఆదిమప్రకృతి యిదియే యని దానిని చూచినవారు సాధారణముగా పరవశింతురు. ఆ దీవి చరిత్రను కొంచెము తఱచి చూచినవాడు మాత్రము అట్లు పరవశింపజాలడు. ఏలయన అందలి నిర్జనత ప్రకృతి ప్రసాదించినది కాదు, ఒకరి వెనుక నొకరుగా వచ్చిన యజమానులు పనిగట్టుకొని సమకూర్చినది. ధనికుల వేటవినోదమునకు అరణ్యము కావలసివచ్చినపుడు, ఊళ్ళు ఖాళీ చేయబడిన యా భూమి వారికి సిద్ధముగా దొరికినది.

రమ్ దీవిలో వేట మిక్కిలి ప్రాచీనమైనది. తూర్పుతీరమందలి కిన్లాక్ చెంత, ఇప్పటికి సుమారు 9,000 సంవత్సరముల క్రిందట నివసించిన జనుల యావాసస్థలము 1980 దశకమున త్రవ్వకములలో బయల్పడినది. స్కాట్లండులో తెలియవచ్చిన అతి ప్రాచీనమైన మానవనివాసములలో నది యొకటి. ఆ దీవి పడమటి కొండలో లభించు ఎఱ్ఱచుక్కల పచ్చరాతిని చెక్కి వారు బాణపుములుకులను పనిముట్లను చేసికొనిరి. అది మొదలు మధ్యయుగాంతము వఱకు అచటి వేట కడుపుకూటికొఱకో, కులనాయకుని విందుకొఱకో జరిగిన సమష్టికార్యము. 1549 ప్రాంతమున ఆ దీవులను వర్ణించి వ్రాసిన డోనల్డ్ మన్రో యను క్రైస్తవ మతాధికారి, రమ్ దీవిలో జనులు కొండవాలులనుండి దుప్పులను తఱుముకొని వచ్చి, ముందుగా ఏర్పఱచిన ఉచ్చుల యొద్దకు మళ్ళించు పద్ధతిని పేర్కొనినాడు. అట్టి వేటకై పేర్చిన రాతిగోడల శిథిలములు నేటికిని కొండలపై కానవచ్చును. మన ప్రబంధకవులు వర్ణించిన వేటలలోవలె అందును కోలాహలము, కుక్కల మొఱుగులు, పరుగులు నుండెడివి. ఊరివారందఱును అందు పాల్గొనెడివారు, మాంసమున వారికిని భాగముండెడిది. కొండమీది దుప్పిని, ఏటిలోని చేపను, అడవిలోని కొమ్మను తెచ్చుకొనుట దొంగతనమని ఆ సీమలోని గేలిక్ జనులు తరతరములుగా భావింపకుండుటకు కారణమిదియే.

పదునెనిమిదవ శతాబ్ది చివరకు దుప్పులు నశించినవి. అడవి తఱిగిపోవుటయు, జనులు పెరుగుటయు రెండును దానికి హేతువులు. అప్పుడు దీవిలో నాలుగువందలకు పైగా జనులుండిరి. కిల్మొరి, హారిస్, గిర్డిల్, డిబిడిల్ మున్నగు పల్లెలలో వారు నల్లని చిన్నపశువులను పెంచుచు, ఎండకాలమున వానిని కొండలమీది గుడిసెల కడకు తోలుకొనిపోవుచు, సముద్రపునాచును ఎరువుగా వైచి ఎత్తుగా కట్టిన మట్టికట్టలపై ఓట్లు, బంగాళాదుంపలు పండించుచు కాలము గడపిరి. నీరు నిలిచెడి ఆ పలుచని నేలలో పార తప్ప నాగలి సాగదు. ఒక్కొక్క కట్టయు ఒక్కొక్క కుటుంబము తరములపాటు వీపున మోసి తెచ్చిన నాచుతోను మట్టితోను ఏర్పడినది. నెపోలియను యుద్ధములు 1815లో ముగిసిన తరువాత పశువుల ధరలు పడిపోయెను, శిస్తులు బకాయిపడెను, భూస్వామియగు కోల్ దీవి మక్లీన్ అప్పులపాలై యుండెను. మనుష్యులకంటె గొఱ్ఱెలవలన అధికముగా శిస్తు రాగలదని లెక్కించి, దీవి నంతయు ఒకే గొఱ్ఱెల కౌలుదారునకు ఇచ్చుటకు నిశ్చయింపబడినది. 1826వ సంవత్సరము జూలై మాసమున ఇంచుమించు మూడువందల మందిని రెండు నౌకల కెక్కించి, కెనడా దేశపు కేప్ బ్రెటన్ దీవికి పంపిరి. మిగిలిన వారిలో పెక్కుమందిని 1828లో పంపిరి. బకాయిలు రద్దు చేయబడినవి, ఓడబాడుగ చెల్లింపబడినది. కావున ఇది బలవంతము కాదనియు, ఉపకారమేననియు ఆనాడు వాదించినవారు కలరు. ఉండుటకు చోటు మిగిల్పకుండ పోవుటకు బాడుగ నిచ్చుట ఎట్టి ఉపకారమో పాఠకులే నిర్ణయింతురు గాక.

గొఱ్ఱెలు వచ్చినవి, వానిని కాచుటకు మనుష్యులు చాలక అన్యప్రాంతములనుండి కొన్ని కుటుంబములను మరల తెచ్చుకొనవలసివచ్చినది. పదమూడేండ్లలోనే గొఱ్ఱెల ధరయు పడిపోయి, కౌలుదారుడు చితికిపోయెను.

ఇంతలో బ్రిటనులో ఒక నూతనాభిరుచి ప్రబలినది. 1810లో ప్రకటింపబడిన వాల్టరు స్కాటు కావ్యము ‘ది లేడీ ఆఫ్ ది లేక్’, ఉత్తరపు కొండసీమను, అందలి దుప్పివేటను నాగరికుల కన్నులకు రమణీయముగా చూపినది. 1838లో విలియం స్క్రోప్ అను ఆంగ్లేయుడు దుప్పివేట నొక కళగా నిరూపించుచు గ్రంథము వ్రాసెను. 1848లో విక్టోరియా రాణియు ఆమె భర్తయు బాల్మొరల్ వేటభూమిని గుత్తకు తీసికొని, 1852లో దానిని కొనిరి. రాజదంపతులు చేసిన దానిని ప్రభువులును, ప్రభువులు చేసిన దానిని కర్మాగారాధిపతులును అనుసరింపకుందురా? 1851లో ఎడ్విన్ లాండ్సియర్ చిత్రించిన మహాశృంగముల దుప్పి పటము ఇంటింటి గోడమీదను ప్రతులై వెలసెను. పిమ్మట రైలుమార్గములు ఉత్తరమునకు ప్రాకి, లండనులో సాయంకాలము బండి యెక్కినవాడు మఱునాడు కొండలలో నుండుటకు వీలు కలిగించినవి. గొఱ్ఱెలు గిట్టుబాటు కాని భూములన్నియు క్రమముగా దుప్పుల ‘అడవులు’గా మార్పబడెను, చెట్టు లేకున్నను దుప్పి యున్నచో దానిని అడవి యనుటయే అచటి వాడుక. 1880 దశకారంభమున ఇట్టి భూమి స్కాట్లండులో సుమారు ఇరువది లక్షల ఎకరములుండగా, 1912 నాటికి అది ముప్పదియైదు లక్షల ఎకరములకు మించెను. భూమి యెవ్వరిదో వేటహక్కును వారిదే యని చట్టము కావున, తాత లుచ్చులు పన్నిన కొండమీదనే మనుమడు దుప్పిని కొట్టినచో నేరస్థు డయ్యెను.

ఈ అభిరుచి తొలిదశలోనే, 1845లో, రెండవ సాలిస్‌బరీ మార్క్విస్ రమ్ దీవిని కొనెను. అతడు దుప్పులను మరల తెప్పించి విడిచెను. నదులలో చేపలు పెరుగుటకై నీటిని మళ్ళింపగోరి కొండలమధ్య ఆనకట్ట కట్టించెను. ఆనకట్ట నిలువలేదు, దాని శిథిలములు నేటికిని అతని పేరుతోనే పిలువబడుచున్నవి. దుప్పులు మాత్రము నిలిచినవి. ఆ మార్క్విస్ కుమారుడే, తరువాత మూడుమారులు బ్రిటిషు ప్రధానమంత్రి యైన లార్డ్ సాలిస్‌బరీ. గంజాము, ఒరిస్సా క్షామకాలమగు 1866లోను, మరల మన రాయలసీమ జనులు ధాత కరవని తరతరములు తలచుకొని వణకిన 1876–78 క్షామకాలమునను, లండనులో భారతవ్యవహారముల మంత్రిపీఠము నధిష్ఠించియుండినవాడు ఆయనయే. తండ్రి ఖాళీదీవిని దుప్పులతో నింపిన నలువదేండ్లలోపలనే కుమారుని పాలనలో మన పల్లెలు ఖాళీ అయినవన్న మాట, చరిత్రకారుడు తాను వెదకకున్నను తనంతట కంటబడునది.

ఇక ఆ వేటవిధానమును కొంత వివరింపవలయును. ఏలయన ఇది ప్రాచీనమైన తఱుముడువేటకు పూర్తిగా విరుద్ధము. తెల్లవారుచుండగనే స్టాకరు అనబడు అనుభవశాలియగు వేటసేవకుడు, దూరదర్శిని భుజమున వ్రేలవైచికొని, దొరను వెంటబెట్టుకొని కొండ యెక్కును. ఎచట నేని వెల్లకిలగా పండుకొని, మోకాలిపై దూరదర్శినిని ఆనించి, ఎదుటి వాలులను అంగుళమంగుళము పరీక్షించి, ఏ మందలో ఏ పోతును కొట్టదగునో నిర్ణయించును. దుప్పికి కన్నుకంటె ముక్కు పదునైనది. కావున గాలి యెటు వీచుచున్నదో యెఱుగక అడుగు వేయరాదు. అర మైలు దూరమందలి దుప్పిని చేరుటకు నాలుగు మైళ్ళు చుట్టి, చల్లని వాగులలో నడుములోతున దిగి, నల్లని పీటుమట్టి ఊబులలో పొట్టమీద ప్రాకి, ఒక ఆడుదుప్పి తల యెత్తినంతనే అరగంటసేపు ఱాయివలె కదలక పడియుండి, తుదకు తుపాకి గురిచేరు దూరమునకు వచ్చినపుడు, స్టాకరు మెల్లగా తుపాకిని సంచినుండి తీసి దొరచేతి కిచ్చును. దొర చేయు పని యంతటినుండి ఆరంభమై, ఒక్క క్షణములో ముగియును. గురి తప్పిన దోషము గాలిదో వానదో యగును. గురి తగిలిన కీర్తి మాత్రము దొరదే. పండ్రెండు కొనలుగల కొమ్ములున్న పోతును ‘రాయల్’ అందురు. అట్టిది దొరకినచో ఆ సాయంకాలపు విందులో వేఱు ప్రసంగ ముండదు.

తరువాత గిల్లీలు అను పరిచారకులు గుఱ్ఱములతో వత్తురు. రమ్ దీవి పొట్టిగుఱ్ఱములు ఈ పనికి ప్రసిద్ధికెక్కినవి; మనుష్యులు మోయుటకు కష్టమైన కళేబరమును ప్రత్యేకమైన జీనుపై కట్టించుకొని, తడిసిన ఱాళ్ళమీద తడబడక అవి దిగివచ్చెడివి. ఆశ్వయుజమాసముతో సరితూగు అక్టోబరులో పోతులు ఆడుదుప్పులకై రంకెలు వైచుచు కొండలు మాఱుమ్రోగించు కాలమే వేటకు పరాకాష్ఠ. ఆ నెల మూడవ వారమున పోతువేట ముగియును. ఆ తరువాత శీతకాలపు మంచులోను చీకటిలోను సంఖ్య తగ్గించుటకై ఆడుదుప్పులను చంపెడి పని స్టాకరుదే. దానికి విందులేదు, పటములేదు. అది వినోదము కాక ఉద్యోగము గావున, దానిని గూర్చి ఏ దొరయు స్మృతులు వ్రాయలేదు.

1888లో జాన్ బుల్లో అను లంకాషైరు వర్తకుడు ఈ దీవిని కొనెను. ఇతని చరిత్ర తెలుగువారికి సంబంధింపనిది కాదు. ఇతని తండ్రి జేమ్స్ బుల్లో, బ్లాక్‌బర్న్ నగరమున విలియం కెన్వర్తితో గూడి 1840 దశకారంభమున మరమగ్గమునకు చేసిన సంస్కారములవలననే, దారము తెగినంతనే తానై ఆగెడి ‘లంకాషైరు మగ్గము’ ఏర్పడినది. దానివలన ఒక్కొక్క కార్మికుడు పెక్కు మగ్గములను చూడగలిగెను. ఆ మగ్గములు నేసిన చౌకబట్టయే నౌకలకొలదిగా మదరాసు రేవునకు వచ్చి, మన కోస్తాజిల్లాల సాలెవారి గుంటమగ్గములను మూలపడవైచినది. అక్రింగ్టనులోని హోవర్డు బుల్లో కర్మాగారము, జాన్ కాలమున, అమెరికానుండి వచ్చిన నూతనపద్ధతి కదురును స్వీకరించి నూలువడకు యంత్రములను లోకమంతటికి సరఫరా చేసెను. భారతదేశపు మిల్లులును అందు ఖాతాదారులే. అచట గడించిన ద్రవ్యమే ఇచట దుప్పులవేట కయ్యెను. జాన్ 1891లో మరణించినపుడు దీవియు, అపారమైన ధనమును, ఇరువదియొక్క యేండ్ల కుమారుడు జార్జి బుల్లోకు సంక్రమించెను.

జార్జి తాను వేటలాడుటకై ఏడాదికి కొలది వారములుండెడి ఆ దీవిలో, 1897లో ఒక కోట కట్టింప మొదలిడి, 1900 నాటికి పూర్తిచేయించెను. దాని నిర్మాణమునకు వలయు ఎఱ్ఱయిసుకరాయి డంఫ్రీస్ ప్రాంతమునుండి ఓడలపై వచ్చెను. ఉద్యానము పెంచుటకు నేల సారవంతము కానందున, ఆయర్‌షైరు నుండి రెండున్నర లక్షల టన్నుల మట్టి తెప్పించెనని చెప్పుదురు. రమారమి మూడువందల మంది పనివాండ్రు మూడేండ్లు శ్రమించిరి. దొర ముచ్చటకై స్కాటిషు కుచ్చులలంగా ధరించి పనిచేయువారికి కూలి కొంత హెచ్చుగా నిచ్చెననియు, ఆ సీమను వేసవిలో పట్టి పీడించు చిఱుదోమలను పోగొట్టుటకై పొగ త్రాగువారికి దినమునకు రెండు పెన్నీలు అదనముగా నిచ్చెననియు వదంతి కలదు. దీవికి తక్కిన సుఖములెల్ల తెచ్చుకొన్న ఐశ్వర్యము ఆ దోమలను మాత్రము జయింపలేదు.

కొండవాగునకు కట్టిన యానకట్టనుండి విద్యుచ్ఛక్తి పుట్టించి, ఆ కోటలో దీపములు వెలిగించిరి. స్కాట్లండులో అట్లు వెలిగిన తొలి గృహములలో నది యొకటి. స్నానపుగదిలో నలుదిక్కులనుండి నీరు చిమ్మెడి యంత్రము, పొగ బయటకు లాగెడి బిలియర్డ్సు గది, చిల్లులు పొడిచిన కాగితపుచుట్టలను చుట్టినచో తనంతట మేళమంతయు వాయించెడి జర్మనీ వాద్యయంత్రము, సేవకులు లోపలికి తొంగిచూడకుండ కిటికీలు ఎత్తుగా నమర్చిన నృత్యశాల, వేడినీటి తొట్లలో తాబేళ్ళు, చిన్నమొసళ్ళు, అద్దపుటిళ్ళలో తాళవృక్షములు, తేనెపిట్టలు: ఇట్టి వన్నియు పూర్వవర్ణనలలో కలవు. మొసళ్ళు తప్పించుకొనిపోగా అతిథులకు భంగము కలుగునని వానిని కాల్చివేసిరట. వెలుపల తొమ్మిది గుంటల గోల్ఫు మైదానము, బంతులు దొర్లించు పచ్చికబయలు, రాకెట్ల ఆటగృహము, చేపలకై మడుగులు, రేవులో 221 అడుగుల పొడవుగల ‘రూమా’ అను ఆవిరినావ. బోయరు యుద్ధకాలమున ఆ నావను వైద్యశాలగా మార్చి పంపినందులకే జార్జికి 1901లో ‘సర్’ బిరుదము లభించినదందురు.

ఈ వైభవమంతయు ఎన్నిదినములకొఱకు? సంవత్సరమున శరత్కాలపు కొన్ని వారములకు మాత్రమే. మిగిలినకాలమున తోటమాలులు ద్రాక్షతీగలు పెంచుచు, స్టాకర్లు దుప్పులను లెక్కించుచు, పరిచారికలు ఎవరును కూర్చుండని కుర్చీల దుమ్ము తుడుచుచు, దొరవారి రాకకై వేచియుండెడివారు. ఒక దీవి జనులందఱును ఒకే గృహస్థుని సెలవుదినములకు సేవకులగుట, రాజాస్థానములలోనైన అరుదు. దీవిలో అనుమతి లేనిదే ఎవ్వరు కాలు పెట్టరాదని నియమముండెను కావున, చుట్టుపట్ల నావికులు దానిని ‘నిషిద్ధద్వీపము’ అని వ్యవహరించిరి.

జార్జి తండ్రికై హారిస్ చెంత కొండలో తొలిపించిన మొదటి సమాధిమందిరము గోడలకు రంగుఱాళ్ళు తాపించెను. ఒక అతిథి దానిని చూచి రైల్వేస్టేషనులోని శౌచాలయమువలె నున్నదని పరిహసింపగా, అతడు దానిని మందుపెట్టి పేల్చివేయించి, సముద్రమున కెదురుగా గ్రీకు దేవాలయమును పోలిన స్తంభమందిరమును కట్టించెనట. ఆ మందిరము నిలిచిన మైదానము పూర్వము హారిస్ పల్లె పొలము. 1914లో మహాయుద్ధము వచ్చినది. తోటమాలులును గిల్లీలును సైన్యమునకు పోయిరి, తిరిగి వచ్చినవారు కొలదిమందియే. అద్దపుటిళ్ళలో నిప్పు ఆరెను. సర్ జార్జి మనస్సు గుఱ్ఱపుపందెములమీదికి మఱలెను; 1917లో గాట్విక్కున జరిగిన యుద్ధకాలపు గ్రాండ్ నేషనల్ పందెమున నెగ్గిన ‘బాలీమకాడ్’ అతని గుఱ్ఱమే. 1939లో అతడు మరణించెను. భార్య మోనికా 1957లో కోటను, అందలి సామగ్రిని, దీవిని కలిపి 23,000 పౌనులకు ప్రభుత్వపు ప్రకృతిసంరక్షణసంస్థకు విక్రయించెను. ఆమె మామగారు జాన్ 1888లో చెల్లించిన మూల్యముకంటె ఇది తక్కువ. సమాధిమందిరమును మాత్రము ఆమె విక్రయింపలేదు. 1967లో తానును అందే సమాధి చేయబడినది.

నాటినుండి రమ్ దీవి సంరక్షితభూమి. దొరలకై తెచ్చిన దుప్పుల సంతతినే, కిల్మొరి ప్రాంతమున, ఒక్కొక్కదానిని గుర్తించి, పుట్టుక మొదలు మరణమువఱకు శాస్త్రజ్ఞులు 1970 దశకమునుండి పరిశీలించుచున్నారు. అడవిలో స్వేచ్ఛగా తిరుగు పెద్దజంతువులపై ప్రపంచములో జరుగుచున్న దీర్ఘతమపరిశోధనలలో నిది యొకటి. వేటదొరలును గొఱ్ఱెలకాపరులును చంపి నిర్మూలించిన తెల్లతోక సముద్రపు గ్రద్దను 1975లో నార్వేనుండి పిల్లలను తెచ్చి ఇచటినుండియే మరల స్కాట్లండు ఆకసమున నెగురవేసిరి. కిన్లాక్ చుట్టునున్న కొంతభూమి ఈ శతాబ్ది తొలిదశకాంతమున దీవివాసుల సంఘమునకు చేరినది; ఆ దీవివాసులు నలువది మందికి అటునిటు మాత్రమే. కోట కప్పు కారుచున్నది, గోడలు చెమ్మగిల్లుచున్నవి, బాగుచేయుటకు వలయు ధనమును గూర్చిన వివాదము ఏండ్ల తరబడి సాగుచున్నది. వేటకొఱకే పుట్టిన భవనము వేటదొరలు పోయిన వెనుక ఏమి చేయవలయునో యెవరికిని తోచకపోవుట వింత కాదు.

ఎన్నడేని ఆ దీవికి పోగలిగిన తెలుగు యాత్రికులున్నచో, వారికి నా మనవి యిది: అందఱు చెప్పుకొను ఆ కోట వాద్యయంత్రపు కథతో తృప్తిపడక, కిన్లాక్ నుండి సుమారు పండ్రెండు కిలోమీటర్లు నడచి హారిస్‌కు పొండు. ఆ గ్రీకుమందిరముచుట్టును గడ్డిక్రింద వరుసలు వరుసలుగా నున్న మట్టికట్టలను, మందిరపు స్తంభములకంటె ముందుగా చూడుడు. ఆ దీవిలో మనుష్యులు తమకొఱకు తాము నిర్మించుకొన్న కట్టడములలో పెద్దది యదియే.